తీరం పక్క తోటలో ఒక్క పీపా షార్డొనే: మొక్క నుంచి సీసా దాకా

"సముద్రానికి దగ్గర్లో కాస్త నేల ఉంది. షార్డొనే తెల్ల ద్రాక్ష వేసి ఏడాదికి ఒక పీపా వైన్ చేసుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నాకు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒకసారి చేసి చూసినవాళ్ళు. వాళ్ళ వైన్ రుచి చూస్తే తప్పు దాదాపు ఎప్పుడూ గాలి దగ్గరే దొరుకుతుంది. తోటలో ఆకు గుబురెక్కి గాలి ఆడక గుత్తులు కుళ్ళి ఉంటాయి. లేదంటే పీపా వెలితిగా వదిలేసినందుకు లోపల గాలి చేరి వైన్ పాడై ఉంటుంది. తీరం తోటలో గాలిని గుత్తి దాకా రానివ్వాలి. పులిసిన వైన్ దగ్గరికి మాత్రం రానివ్వకూడదు. కింద చెప్పే పనుల్లో సగానికి పైగా ఈ రెండింటి కోసమే.

తీరమే ఎందుకంటారా? చల్లటి సముద్రం మీద నుంచి వచ్చే గాలి, పొగమంచు పండు పక్వాన్ని నెమ్మది చేస్తాయి. పంచదార మెల్లగా ఎక్కుతుంది, పులుపు నిలుస్తుంది. కాలిఫోర్నియాలో సోనోమా పడమటి అంచున, పసిఫిక్‌ను చూస్తూ ఉన్న కొండల్లో షార్డొనే అంత చురుగ్గా ఉండటానికి కారణం ఇదే. 2022లో ఆ అంచుకు వెస్ట్ సోనోమా కోస్ట్ అని విడి వైన్ ప్రాంతంగా గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ చల్లదనమే తెగుళ్ళనూ తెస్తుంది.

ఏమేం కావాలి

ముందు లెక్క చూసుకోండి. ఫ్రాన్స్‌లోని బర్గండీ కొలత పీపా 228 లీటర్లు, అంటే సుమారు 300 సీసాలు. తేర్చేటప్పుడు పోయేది, మడ్డిలో పోయేది, ఏడాది పొడవునా పీపా నింపడానికి పక్కన ఉంచుకోవాల్సింది కలుపుకుంటే దాదాపు 300 లీటర్ల రసం కావాలి. అందుకు 500 కిలోల పండు పడుతుంది. చల్లటి చోట తీగకు 2 కిలోలు వస్తుందనుకుంటే 250 తీగలు. వరుసల మధ్య 2.4 మీటర్లు, తీగల మధ్య 1.5 మీటర్లు ఇస్తే 900 చదరపు మీటర్లు సరిపోతుంది. పావు ఎకరం కూడా అక్కర్లేదు.

తోటకు: అంటు మొక్కలు, స్తంభాలు, ఇనుప తీగె, కత్తెర, పిచికారీ పంపు, నీటిలో కలిసే గంధకం, పక్షుల వల, లోతు తక్కువ ఉన్న ప్లాస్టిక్ ట్రేలు.

వైన్‌కు: ప్రెస్, తేర్చడానికి ఒక స్టీలు ట్యాంకు, పీపా, 20 లీటర్ల గాజు జాడీలు నాలుగైదు, వాటితో పాటు 5 లీటర్లవీ 1 లీటరువీ కొన్ని, ఎయిర్‌లాకులు (లోపలి వాయువును వదిలి బయటి గాలిని ఆపే మూతలు), హైడ్రోమీటర్, రిఫ్రాక్టోమీటర్ (రెండూ పంచదార కొలిచేవి), థర్మామీటర్, పీహెచ్ మీటర్, పులుపు కొలిచే కిట్, ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ (వైన్‌లో కట్టుబడకుండా మిగిలేది) కొలిచే కిట్, 0.1 గ్రాము దాకా చూపే త్రాసు, ఈస్ట్, ఈస్ట్ పోషకం, మాలోలాక్టిక్ బాక్టీరియా, పొటాషియం మెటాబైసల్ఫైట్ (కింద సల్ఫైట్ అన్నది దీన్నే), బెంటొనైట్ (వైన్‌ను తేర్చే మట్టి).

డబ్బు తక్కువైతే ప్రెస్ అద్దెకు తెచ్చుకోండి, పీపా పాతది కొనండి. పీహెచ్ మీటరు దగ్గర, సల్ఫర్ కిట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. అవి లేకుండా చేస్తే కళ్ళకు గంతలు కట్టుకుని చేసినట్టే.

మీ దేశంలో సొంతానికి ఎంత వైన్ చేసుకోవచ్చో ముందే తెలుసుకోండి. అమెరికా సమాఖ్య చట్టం ఒంటరి పెద్దకు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి పెద్దలున్న ఇంటికి 200 గ్యాలన్లు అనుమతిస్తుంది, కానీ అమ్మకూడదు. ఒక పీపా 60 గ్యాలన్లు కాబట్టి హద్దులోనే ఉంటారు. అమ్మాలంటే లైసెన్సు కావాలి. అక్కడ సీసా మీద 'ఎస్టేట్ బాటిల్డ్' అని రాయాలంటే మొత్తం పండు మీ అధీనంలో ఉన్న నేలదే అయ్యుండాలి, తోటా వైనరీ ఒకే గుర్తింపు ప్రాంతంలో ఉండాలి, పిండటం నుంచి సీసాలో నింపటం దాకా అన్నీ మీ చోటే జరగాలి.

1. చోటు, మొక్క ఎంచుకోండి

షార్డొనే తొందరగా చిగురిస్తుంది. చల్లగాలి దిగి నిలిచే పల్లంలో వేస్తే, ఉష్ణోగ్రత సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు దిగిన ఒక్క రాత్రిలో లేత చిగుళ్ళు నల్లబడిపోతాయి. వాలు ఉన్న చోటు, నీరు నిలవని నేల చూసుకోండి. ఉప్పుజల్లు నేరుగా తగిలే చోట ఆకు అంచులు మాడతాయి. అక్కడ సముద్రం వైపు చెట్ల వరుస అడ్డు పెట్టండి, కానీ గాలి పూర్తిగా ఆగిపోయేంత దట్టంగా కాదు.

సొంత వేరు మీద ఉన్న మొక్క వద్దు, ఫిలోక్సెరా పురుగు వేరును తినేస్తుంది. సారవంతమైన, తేమ నిలిచే నేలకు 101-14 లేక 3309సి రూట్‌స్టాక్ (అంటుకు అడుగున ఉండే వేరు మొక్క), ఎండిపోయే కొండనేలకు 110ఆర్ తీసుకోండి. పైన కట్టే క్లోన్లలో (ఒకే తల్లి తీగ నుంచి పెంచిన రకాల్లో) డిజాన్ 76, 95, 96 చల్లని చోట్లకు నమ్మకమైనవి. 1912లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెల్లియే నుంచి కాలిఫోర్నియా చేరిన వెంటే రకంలో ఒకే గుత్తిలో పెద్ద గింజలు, మిరియమంత గింజలు (గింజ అంటే ఇక్కడ ఒక్కో ద్రాక్ష పండు) కలిసి వస్తాయి. కాపు తగ్గుతుంది, రుచి చిక్కబడుతుంది. నాకైతే రెండు రకాలు సగం సగం వేయడం ఇష్టం. పూత సమయంలో వాతావరణం ఒకదాన్ని దెబ్బతీస్తే రెండోది నిలబెడుతుంది.

వైన్‌కు పనికొచ్చే మొదటి కాపు మూడో ఏట. రెండో ఏట వచ్చే గుత్తుల్ని తుంచేయండి. మనసొప్పదు, అయినా తుంచండి. ఆ ఏడు బలమంతా వేరుకు, మొదలుకు పోవాలి.

2. కొమ్మ కత్తిరింపు

తీగ నిద్రలో ఉన్నప్పుడు, చలికాలం చివరి దాకా ఆగి కత్తిరించండి. ఆలస్యంగా కత్తిరిస్తే చిగురు కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది, నేల మంచు గండం కొంత తప్పుతుంది. తీగకు రెండు కొమ్మలు, ఒక్కో దానికి 8 నుంచి 10 కళ్ళు (చిగురు మొగ్గలు) ఉంచి, ఇనుప తీగెకు కట్టండి. పెన్సిల్ మందం ఉన్న, నిరుడు ఎండ తగిలిన కొమ్మనే ఎంచుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాటు కళ్ళు ఎక్కువ ఉంచడం. "ఎక్కువ గుత్తులు వస్తాయి కదా" అనుకుంటారు. చల్లని చోట ఆ గుత్తులన్నీ పండవు, పైగా రెమ్మలు ఒకదాని మీద ఒకటి పడి గాలికి దారి మూసుకుంటుంది.

3. ఆకు, గాలి, బూడిద తెగులు

షార్డొనే గుత్తి బిగువుగా ఉంటుంది. పొగమంచు తొలగిన ఉదయం ఒక గుత్తిని వేళ్ళతో కాస్త విప్పి చూడండి. పైన పొడిగా కనిపించినా, గింజ గింజకూ మధ్య నీటి పొర మెరుస్తూ ఉంటుంది. ఆ నీరు పొద్దెక్కేసరికి ఆరిపోతే బతికారు. మధ్యాహ్నం దాకా ఉంటే అక్కడే బోట్రైటిస్ కుళ్ళు మొదలవుతుంది. అందుకే పిందె కట్టగానే, గుత్తుల ఎత్తులో, పొద్దుటి ఎండ తగిలే తూర్పు వైపు ఆకులు తీసేయండి. పడమటి వైపు ఆకులు ఉంచండి. అటు తీస్తే మధ్యాహ్నపు ఎండకు గింజలు మాడి గోధుమ రంగు మచ్చలు పడతాయి, ఆ చేదు వైన్‌లోకి వస్తుంది.

పూత సమయంలో చల్లటి ఈదురుగాలి వీస్తే పిందె రాలుతుంది. దానికి మందు లేదు, కంగారు పడొద్దు. మిగిలిన గుత్తి వదులుగా ఉండి కుళ్ళు తక్కువ పడుతుంది.

బూడిద తెగులుకు గంధకం. రెమ్మ జానెడు కాకముందే మొదలుపెట్టి 7 నుంచి 14 రోజులకోసారి కొట్టండి. పూతకు కాస్త ముందు నుంచి పిందె కట్టిన మూడు నాలుగు వారాల దాకా ఒక్క విడత కూడా తప్పకూడదు. పిందెకు తెగులు పట్టేది ఆ రోజుల్లోనే. 32 డిగ్రీలు దాటే ఎండలో కొట్టకండి, ఆకు మాడుతుంది. నూనె మందు కొట్టిన రెండు వారాల లోపు గంధకం వద్దు. మాస్కు, కళ్ళద్దాలు లేకుండా పంపు ముట్టుకోవద్దు. బోట్రైటిస్‌కు మాత్రం గంధకం పనిచేయదు, అది గాలితో ఆగాల్సిందే.

గింజ మెత్తబడే దశ వచ్చాక గంధకం ఆపేయండి. ఒక ఏడు భయం కొద్దీ కోతకు పద్దెనిమిది రోజుల ముందు ఒక విడత కొట్టాను. ఆ పండు రసం పులుస్తున్న మూడో రోజే గది తలుపు తీయగానే కుళ్ళిన గుడ్ల కంపు ముఖాన కొట్టింది. తొక్క మీద మిగిలిన గంధకాన్ని ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చేసింది. ఆ వైన్‌ను దారికి తేవడానికి అయిదు నెలలు పట్టింది. కోతకు కనీసం అయిదు వారాల ముందే గంధకం పంపు కడిగి పెట్టేయండి.

గింజ మెత్తబడుతున్నప్పుడే పక్షుల వల కట్టండి. ఒక్క వారం ఆలస్యమైతే అంచు వరుసలు ఖాళీ. అదే సమయంలో ఇంకా రాయిలా పచ్చగా, వెనకబడి ఉన్న గుత్తుల్ని కోసి పారేయండి.

4. ఎప్పుడు కోయాలి

అందరూ ఎక్కువ అడిగేది ఇదే, తప్పు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. కోతకు మూడు వారాల ముందు నుంచి వారానికి రెండుసార్లు, పొద్దున్నే 100 నుంచి 200 గింజలు ఏరండి. చేయి తెలియకుండానే ఎండ తగిలిన మంచి గింజ మీదికి పోతుంది. అందుకే లెక్క పెట్టుకుని కోయండి: ఒక తీగకు తూర్పు వైపు, తర్వాతి దానికి పడమటి వైపు, ఒక గుత్తి పై భాగం నుంచి, ఇంకోటి కింది కొన నుంచి. అంచు వరుసలు, వరుస చివరి తీగలు వదిలేయండి. గింజల్ని సంచిలో నలిపి, రసం వడకట్టి కొలవండి.

చూడాల్సిన అంకెలు ఇవి: పంచదార 21.5 నుంచి 23 బ్రిక్స్ (రసం బరువులో పంచదార శాతం), పీహెచ్ 3.15 నుంచి 3.35 (ఇది పెరిగే కొద్దీ పులుపు తగ్గినట్టు), మొత్తం పులుపు లీటరుకు 7 నుంచి 9 గ్రాములు. బ్రిక్స్‌ను 0.6తో గుణిస్తే ఆల్కహాలు శాతం సుమారుగా తెలుస్తుంది. తీరంలో బ్రిక్స్ ఒక్కటే చూసి కోయకండి. 22 ఉన్నా పులుపు 11 ఉంటే ఇంకా ఆగాలి. బ్రిక్స్ 21.5 దగ్గరే ఉన్నా పీహెచ్ 3.35కు చేరిందంటే ఇక ఆగకూడదు.

తర్వాత నాలుకతో చూడండి. విత్తనం గోధుమ రంగుకు తిరిగి, కొరికితే పుటుక్కున విరగాలి. పచ్చగా ఉండి సాగితే ఇంకా కాలేదు. తొక్కను నమిలితే పచ్చి ఆకు వాసన పోయి ఉండాలి. ఈ గుర్తులు వచ్చాక వాన సూచన ఉంటే రెండు రోజులు ముందు కోసినా నష్టం లేదు. తడిసిన బిగువు గుత్తి మూడో రోజుకే లోపల కుళ్ళడం మొదలుపెడుతుంది.

చుట్టుపక్కల అడవి మంటల పొగ పట్టిన ఏడాదైతే, కోతకు వారం పది రోజుల ముందు 5 కిలోల పండు కోసి, పిండి, చిన్న జాడీలో పులియబెట్టి రుచి చూడండి. బూడిద రుచి పండులో తెలియదు, పులిశాకే బయటపడుతుంది.

5. కోత, పిండటం

తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కోయండి. కుళ్ళిన భాగాన్ని తీగ దగ్గరే కత్తెరతో తీసేయాలి. ట్రేలో పడ్డాక ఏరుదాం అనుకుంటే ఏరరు. ట్రేలో 15 కిలోలకు మించి వద్దు, అడుగు గుత్తులు నలిగి రసం కారితే అక్కడే పులుపెక్కుతుంది.

గింజలు రాల్చకుండా, చిదపకుండా గుత్తులు కాడలతో సహా ప్రెస్‌లో వేయండి. కాడలు రసానికి దారి ఇస్తాయి, తొక్కల చేదు తక్కువ దిగుతుంది. ఒత్తిడి మెల్లగా పెంచండి, మధ్యలో వదిలి పిప్పిని సర్దుకోనిచ్చి మళ్ళీ బిగించండి. రెండు మూడు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

గ్లాసు పక్కనే పెట్టుకుని పావుగంటకోసారి కారే రసం రుచి చూడండి. మొదట తీపి, వెంటనే పళ్ళు జివ్వుమనే పులుపు. ఒక దశ దాటాక పులుపు పలచబడి, నాలుక చివర పొడిబారినట్టు, పచ్చి కాడ నమిలినట్టు అనిపిస్తుంది. అక్కడ గొట్టం మార్చి ఆ చివరి రసాన్ని వేరే జాడీలోకి పట్టండి. అది పనికిరానిదేమీ కాదు, విడిగా పులియబెట్టి తర్వాత కలపాలో వద్దో చూసుకోవచ్చు. ముందే కలిపేస్తే మాత్రం విడదీయలేరు.

రసం గోధుమ రంగుకు తిరుగుతుంటే చాలామంది హడలిపోతారు. ఈ దశలో గాలి శత్రువు కాదు. పండు శుభ్రంగా ఉంటే సల్ఫైట్ వేయకుండా వదిలేయండి. గాలి తగిలి త్వరగా గోధుమ రంగెక్కే పదార్థాలు ఇప్పుడే ఎక్కి, మడ్డితో పాటు కిందికి దిగిపోతాయి. పులిసేటప్పుడు రసం మళ్ళీ లేత పసుపుకు వస్తుంది. పండులో కుళ్ళు ఉంటే ఈ పద్ధతి వద్దు, లీటరుకు 30 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ వచ్చేలా వెంటనే వేయండి.

6. తేర్చడం

రసాన్ని 10 డిగ్రీల దగ్గర 12 నుంచి 24 గంటలు కదల్చకుండా ఉంచి, పైతేట తీసుకోండి. అద్దంలా తేరితే మంచిదనుకోవడం పొరపాటు. మరీ తేటైన రసంలో ఈస్ట్‌కు తిండి చాలక పులియడం సగంలో ఆగుతుంది. నేను చూసుకునే గుర్తు ఇది: గ్లాసు వెనక వేలు పెడితే వేలి ఆకారం తెలియాలి, గీతలు తెలియకూడదు. మరీ తేటగా ఉంటే అడుగు మడ్డిలో పైనున్న మెత్తటి భాగం కొంచెం కలపండి.

7. పీపా

ఒక్క పీపా చేసేవాళ్ళు కొత్త ఓక్ పీపా కొనొద్దు. వైన్ అంతా చెక్క వాసనే వస్తుంది, కలిపి పలచన చేయడానికి ఇంకో పీపా ఉండదు. షార్డొనేకు వాడిన మూడు నాలుగేళ్ళ పాతది వెతకండి. కొనేముందు మూత తీసి ముక్కు పెట్టి వాసన చూడండి. వెనిగర్ వాసన తగిలితే ఎంత చవకైనా వదిలేయండి, ఆ చెక్క బాగుపడదు. నీళ్ళు నింపి ఒక రోజు ఉంచి కారడం లేదని చూసుకోండి.

పీపా దొరక్కపోతే స్టీలు ట్యాంకులో చేయండి. తీరం పండుకు ఏ లోటూ ఉండదు, ఇంకా స్పష్టంగా ఉంటుంది.

8. పులియబెట్టడం

పీపాను 190 లీటర్ల దాకా నింపండి, నురుగుకు చోటు కావాలి. మిగిలిన రసం గాజు జాడీల్లో పక్కనే పులియనివ్వండి. పీపాకు 50 గ్రాముల ఈస్ట్ తీసుకుని, అర లీటరు 38 డిగ్రీల నీటిలో 15 నుంచి 20 నిమిషాలు నాననివ్వండి. చల్లటి రసాన్ని కొద్దికొద్దిగా పోస్తూ, రెండింటి మధ్య తేడా 10 డిగ్రీల లోపుకు వచ్చాకే పీపాలో వేయండి. వెచ్చటి ఈస్ట్‌ను ఒక్కసారిగా చల్లటి రసంలో పోస్తే సగం చచ్చిపోతుంది. జాడీలకు కూడా 100 లీటర్లకు 25 గ్రాముల లెక్కన అలాగే వేయండి. మొదటిసారి చేసేవాళ్ళకు ఈసీ-1118 అనే ఈస్ట్ మొండిగా చివరిదాకా పులియబెడుతుంది. సీవై-3079 నోటికి నిండుదనం ఇస్తుంది. తోట ఈస్ట్‌తోనే పులియబెడతామనేవాళ్ళు మొదటి రెండేళ్ళు జాడీలో మాత్రమే ప్రయత్నించండి.

ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచండి. రోజూ పొద్దున బ్రిక్స్, ఉష్ణోగ్రత, వాసన పుస్తకంలో రాయండి. రసంలో నత్రజని కొలిపించుకోగలిగితే లీటరుకు 150 మిల్లీగ్రాములకు తక్కువ ఉన్నప్పుడు పోషకం ఇవ్వండి: సగం మొదట్లో, సగం పంచదార మూడో వంతు తరిగాక. ఆ తర్వాత వేసింది ఈస్ట్‌కు అందదు, చెడు సూక్ష్మజీవులకు తిండవుతుంది.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ నేల మట్టంలో పేరుకుంటుంది. మూసిన గదిలో మనిషి ప్రాణం తీస్తుంది. తలుపులు తెరిచి, నేల దగ్గర ఫ్యాను పెట్టి, ఎవరో ఒకరికి చెప్పి లోపలికి వెళ్ళండి. కొవ్వొత్తి వెలుగుతోంది కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు. అది ఆరిపోకముందే మీరు పడిపోవచ్చు.

నురుగు తగ్గి పులియడం నెమ్మదించగానే జాడీల్లోది పోసి పీపాను అంచు దాకా నింపండి. ఇక్కడి నుంచి గాలి శత్రువు. హైడ్రోమీటర్ మైనస్ 1 నుంచి మైనస్ 1.5 బ్రిక్స్ చూపాలి. రిఫ్రాక్టోమీటరును ఈ దశలో నమ్మకండి, ఆల్కహాలు ఉన్నప్పుడు అది పంచదార ఉన్నట్టే చూపిస్తుంది. "మూడు వారాలుగా 7 దగ్గరే ఆగిపోయింది" అని కంగారుగా రాసేవాళ్ళలో ఎక్కువమంది రిఫ్రాక్టోమీటర్ చూస్తున్నవాళ్ళే.

9. మాలోలాక్టిక్: చేయాలా, వద్దా

పదునైన మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. తీరం పండులో మాలిక్ ఎక్కువ కాబట్టి పూర్తిగా జరగనివ్వమనే చెబుతాను. సగంలో ఆపాలంటే 0.45 మైక్రాన్ ఫిల్టర్ కావాలి, లేదంటే సీసాలో మళ్ళీ మొదలై వైన్ మసకబారుతుంది, బుడగలు వస్తాయి.

సల్ఫైట్ వేయకముందే బాక్టీరియా వేసి, గదిని 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంచండి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. పేపర్ క్రోమటోగ్రఫీ కిట్‌లో మాలిక్ మచ్చ మాయమయ్యాక కూడా రెండు వారాలు ఆగండి. వీలుంటే ల్యాబులో కొలిపించి లీటరుకు 0.1 గ్రాము లోపు ఉందని చూసుకోండి. బుడగలు ఆగాయి కాబట్టి అయిపోయిందనుకోవడం తప్పు. వెన్న వాసన మరీ ఎక్కువగా ఉంటే ఇంకొన్ని వారాలు మడ్డి మీదే వదిలేయండి, ఈస్ట్ మడ్డి దాన్ని తగ్గిస్తుంది.

10. సల్ఫైట్ లెక్క

మాలోలాక్టిక్ పూర్తయ్యాకే సల్ఫైట్. మెటాబైసల్ఫైట్ బరువులో 57.6 శాతం సల్ఫర్ డయాక్సైడ్. లీటర్లను కావలసిన మిల్లీగ్రాములతో గుణించి, 1000తో భాగించి, మళ్ళీ 0.576తో భాగించండి. 228 లీటర్లకు 40 మిల్లీగ్రాముల చొప్పున 15.8 గ్రాములు. మొదటిసారి వేసినదాంట్లో చాలా భాగం వైన్‌లో కట్టుబడిపోతుంది. అందుకే రెండు రోజులాగి ఫ్రీ సల్ఫర్ కొలవండి.

ఎంత ఉండాలన్నది పీహెచ్ బట్టి. లీటరుకు 3.2కు 21, 3.3కు 26, 3.4కు 32, 3.5కు 40 మిల్లీగ్రాములు. తెరిచిన డబ్బాలో నిరుటి నుంచి ఉన్న పొడి శక్తి కోల్పోతుంది, ఏటా కొత్తది కొనండి. పొడి నుంచి వచ్చే ఘాటును పీల్చకండి, ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పని వేరేవాళ్ళకు అప్పగించండి.

11. మడ్డి కలపడం, పీపా నింపడం

పులియడం అయ్యాక మొదటి రెండు నెలలు వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి కర్రతో అడుగు మడ్డిని పైకి లేపి కలపండి. పదునైన తీరం వైన్‌కు ఇది కండ ఇస్తుంది. కానీ కలిపిన ప్రతిసారీ గాలి కూడా లోపలికి పోతుంది, కాబట్టి ముందు రుచి చూడండి. నోటికి నిండుగా అనిపించిన రోజు నుంచి ఆపేయండి. క్యాలెండరులో ఇంకా రెండు నెలలు రాసి ఉందని కలపకండి.

అగ్గిపుల్ల గీసిన వాసన లీలగా తగిలితే వదిలేయండి, చాలామంది దాని కోసమే వెతుక్కుంటారు. కుళ్ళిన గుడ్ల వాసన అయితే వెంటనే పైతేటను మడ్డి మీద నుంచి వేరే పాత్రలోకి మార్చండి. రాగి మందు చివరి మార్గం. ముందు గ్లాసులో వేసి చూడకుండా పీపాలో వేయొద్దు.

రెండు వారాలకోసారి పీపా తెరిచి, జాడీలో ఉంచిన అదే వైన్‌తో అంచు దాకా నింపండి. జాడీ వెలితి పడితే ఇంకా చిన్న సీసాలోకి మార్చండి. నేను ఒకసారి అయిదు వారాలు నింపలేకపోయాను. మూత తీసి లైటు వేసి చూస్తే వైన్ మీద తెల్లటి పలచటి పొర, ఊదితే ముడతలు పడుతోంది. దెబ్బతిన్న ఆపిల్ వాసన. పొరను పైకి పొంగించి తీసేసి సల్ఫైట్ సరిచేశాక పొర మళ్ళీ రాలేదు, కానీ ఆ ఏటి వైన్‌లో పండు వాసన తిరిగి రాలేదు.

12. సీసాలో నింపే ముందు రెండు పరీక్షలు

పది నుంచి పన్నెండు నెలలకు వైన్ తేటపడుతుంది. ఒక గాజు సీసాలో కొంచెం తీసి 80 డిగ్రీల నీటిలో రెండు గంటలు ఉంచి, చల్లార్చి, చీకట్లో టార్చి వేసి చూడండి. మసక కనిపిస్తే మాంసకృత్తులు మిగిలాయి. నాలుగు చిన్న సీసాల్లో లీటరుకు 0.25, 0.5, 0.75, 1 గ్రాము బెంటొనైట్ వేసి, తేటపడ్డాక మళ్ళీ వేడి పరీక్ష చేయండి. మసక రాని వాటిలో అతి తక్కువ మోతాదే పీపాకు. ఎక్కువ వేస్తే రుచినీ లాగేస్తుంది.

ఇంకో సీసాను మైనస్ 4 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచండి. అడుగున గాజు పలుకుల్లాంటివి కనిపిస్తే అవి టార్టరిక్ స్ఫటికాలు, హాని చేయవు. మీరు తాగేదే అయితే వదిలేయొచ్చు. ఇతరులకు ఇచ్చేదైతే మొత్తం వైన్‌ను రెండు వారాలు అంత చల్లదనంలో ఉంచి తేర్చుకోండి.

నింపే ముందు రోజు ఫ్రీ సల్ఫర్ మళ్ళీ కొలిచి, మీ పీహెచ్‌కు కావలసినదానికి 5 మిల్లీగ్రాములు పైన ఉంచండి. గొట్టం సీసా అడుగు దాకా పోవాలి, పైనుంచి ధారగా పోయకూడదు. బిరడాకూ వైన్‌కూ మధ్య వేలి మందం మించి ఖాళీ వద్దు. రెండు మూడు నెలలు ముట్టుకోకండి, నింపిన కొత్తలో వాసన మూసుకుపోయి ఉంటుంది.

ఆ తర్వాత ఒక సీసా తెరిచి, సగం తాగి, మిగతా సగాన్ని బిరడా పెట్టి గది ఉష్ణోగ్రతలోనే ఒక రోజు ఉంచండి. మర్నాడు తెల్ల కాగితం ముందు పట్టుకుని చూడండి. రంగు అలాగే ఉండి వాసన ఇంకా తెరుచుకుని ఉంటే మిగతా సీసాల్ని నిశ్చింతగా మూడు నాలుగేళ్ళు పక్కన పెట్టొచ్చు. రంగు ముదిరి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే వైన్‌కు ఎక్కడో గాలి తగిలింది. ఆ సీసాల్ని ఏడాదిలోపు తాగేయండి. పుస్తకం తీసి, పీపా నింపిన తేదీల మధ్య ఎన్ని రోజుల ఖాళీలు ఉన్నాయో, మడ్డి ఎన్నిసార్లు కలిపారో లెక్క చూడండి.